సగమే నింపిన నీలం పెట్టె

ఏప్రిల్ 13, ఆదివారం

చెంచు వచ్చి పోయింది. పొద్దున గూడూరులో రైలు దిగి, అక్కడ బస్సు పట్టుకోని, రెండు చేతుల్లో రెండు పెట్టెలు మోసుకోని... నా బిడ్డ! మూడు పూటలా పెట్టాలనుకుంటే ఒక్క పూటే తినింది, సాయంత్రం బస్సుకి మళ్ళీ చెన్నై దోవ. అయితే ఏం. నా దగ్గరికి పని మీద వచ్చింది. నాతో పని! తను పనిచేసే ల్యాబులో అంతమంది చదువుకున్నోళ్ళు ఉండారు గదా, ఈ బ్యాటరీలు సముద్రం పక్కన ఎవరింట్లో పెడదాం అని మాటొస్తే, మా నాయన ఇంట్లో అని చెప్పిందంట.

నలుపు పెట్టెలోది పాత రకం. నీలం పెట్టెలోది తను చేసేది, సిలికాన్ వేసింది. రేపెప్పుడన్నా మన బోట్లకి డీజిలు పోయి కరెంటు మోటార్లు రావాలంటే ఇట్లాంటిదే కావాలంట. చిన్నగా ఉంటుంది, ఎక్కువ దూరం లాగుతుంది. లాగేదాంట్లో అనుమానం లేదు, అనుమానమంతా ఊరికే ఉన్నప్పుడేనంట. వేట నిషేధం రెండు నెలలూ బోటు ఇసకలో పడుంటే దాని బ్యాటరీ కూడా పడుంటుంది గదా. అప్పుడు దానికి ఏమవుతుందో చూడాల. ఈ ఎండలో, ఈ కాలనీ ఇళ్ళల్లో, నెత్తిన స్లాబు కాలిపోతా ఉంటే.

రెండూ సగమే నింపి తెచ్చింది. సగంలో పెడితేనే నిమ్మళంగా ఉంటాయంట. కొలిచే రోజుకి కావాలని ఛార్జరు కూడా ఇక్కడే వదిలింది, మళ్ళీ మొయ్యలేక. నేను చెయ్యాల్సింది ఏమీ లేదు.

"ముట్టుకోకు నాయనా, అంతే. ప్రతి ఆదివారం ఫోన్ చేస్తా, పెట్టె మీది అద్దంలో అంకెలు చదివి చెప్పు."

ప్రతి ఆదివారం...

ఏప్రిల్ 15

నిషేధం మొదలు. బోట్లన్నీ పైకి లాగేసినాం. పొద్దున లేచి ఒడ్డుకి పోయినా, పని లేదు, ఇంటికి వచ్చినా. పెట్టెలు చూసినా. మళ్ళీ ఒడ్డుకి పోయినా.

ఏప్రిల్ 20, ఆదివారం

వచ్చింది ఫోను! తెల్లారకముందే నీళ్ళు పోసుకోని, కళ్ళద్దాలు తుడుచుకోని, అరుగు మీద కాదు, లోపల, పెట్టెలు పెట్టిన అలమర ముందర కుర్చీ వేసుకోని కూర్చున్నా. మొదట నలుపు పెట్టె. తర్వాత నీలం. తర్వాత గదిలో వేడి. చుక్కకి ముందరి అంకె, చుక్క తర్వాత అంకె, ఒక్కటి తప్పు పోలేదు. ఇంకోసారి చదువు అంటే ఇంకోసారి చదివినా. కిటికీ తెరిచి ఉందా అని అడిగింది. ఎండ ఏ గోడ మీద పడతా ఉంది అని అడిగింది. నన్ను ఇన్ని మాటలు ఎప్పుడడిగింది నా బిడ్డ.

కోటమ్మ ఉండేటప్పుడు ఫోను ఆమెదే. గంటలు గంటలు తల్లీ కూతుళ్ళు. నేను వల బాగుచేసుకుంటా అవతల కూర్చోని వినేది. కడాకి, "ఇదిగో మీ నాయనకి ఇస్తుండా." బాగున్నావా... బాగున్నా. అంతే, మా ఇద్దరికీ మాటలు అయిపోయేవి. కోటమ్మ పోయినాక ఆ రెండు మాటలే మిగిలినాయి. నెలకొకసారి, ఒక్కోసారి అదీ లేదు.

ఇప్పుడు చూడు.

ఏప్రిల్ 23

ఎండ. గాలి లేదు. కుక్క కూడా బోటు నీడ వదిలి రాదు.

ఏప్రిల్ 27, ఆదివారం

నలుపు పెట్టె అంకె కదల్లేదు. నీలం దిగతా ఉంది, కొంచెం. నేనేమన్నా చేసినానా అని భయమేసి అడిగినా. నువ్వు గాదు నాయనా, దాని గుణమే అంత అనింది. ఏం గుణమో చెప్పమ్మా, ఏడో తరగతోడికి అర్థమయ్యేట్టు చెప్పు అన్నా. నవ్వింది. చెప్పింది! నాకు, కూర్చోబెట్టి చెప్పినట్టు చెప్పింది. మరిచిపోకముందే రాస్తా.

బ్యాటరీలో లిథియం అని ఒకటి ఉంటుంది. నింపినప్పుడు ఒక గదిలోకి పోతుంది, వాడేటప్పుడు బయటికి వస్తుంది. పాత రకంలో ఆ గది పెన్సిల్ ముల్లులో ఉండే నల్ల పొడి. కొత్తదాంట్లో సిలికాన్, ఇసకలో నుంచి తీసేదే. దాంట్లో లిథియం చాలా ఎక్కువ పడుతుంది. కానీ తిన్నకొద్దీ ఉబ్బుతుంది, ఒకటి మూడు అయినట్టు. దానికీ చుట్టూ ఉండే ద్రావకానికీ మధ్య ఒక పొర కడుతుంది, చర్మం మాదిరి. పెన్సిల్ పొడి మీద ఆ చర్మం ఒకసారి కట్టిందంటే కుదురుగా ఉంటుంది. సిలికాన్ మీద కుదరదు. ఉబ్బితే పగులుతుంది. అది సరే, వాడేటప్పుడు పగిలిందంటే అర్థముంది.

"వాడకపోయినా అంతే నాయనా. ఊరికే పెట్టినా ఆ పొర కొంచెం కొంచెం కరుగుతుంది, కింద కొత్తగా బయటపడిన చోట మళ్ళీ కడుతుంది. కట్టినప్పుడల్లా కొంచెం లిథియం దాంట్లో ఇరుక్కుపోతుంది. ఇరుక్కున్నది ఇంక తిరిగి రాదు."

ఊరికే కూర్చున్నా తరుగుతుందన్నమాట. ల్యాబులో పొయ్యి లాంటి దాంట్లో పెట్టి తొందరగా చూస్తారంట గానీ, నిజం తెలియాలంటే నిజం ఎండలో నిజంగా ఊరికే ఉంచాల్సిందేనంట.

ఫోను పెట్టేసినాక చాలాసేపు ఇసక చేతిలోకి తీసుకోని చూసినా. దీంట్లో నుంచేనా.

ఏప్రిల్ 30

పెంచలయ్య వచ్చినాడు, నా బోటులో భాగస్తుడు, నోరు ఊరుకోదు. పెట్టెలు చూసి, ఏం మామా, కూతురు కొత్త సంసారం పెట్టించిందా ఇంట్లో అన్నాడు. ఇసకతో చేసిన బ్యాటరీ రా అంటే, అయితే మనూరంతా కోటీశ్వరులే అన్నాడు. నా బిడ్డ చేసింది, ఎగతాళి చెయ్యబాక అన్నా. ఎగతాళి గాదు మామా, నువ్వు దాన్ని చూసే చూపు పసిబిడ్డని చూసినట్టుంది అన్నాడు. పోరా అన్నా. నిజమే అనుకో.

ఇద్దరం కలిసి డీజిలు క్యాన్లు నింపినాం. నిషేధంలో మూతి దాకా పొయ్యాల్సిందే. సగం ఉంచితే పైన ఖాళీలోకి ఉప్పు గాలి దూరి, లోపల చెమట పట్టి, నీళ్ళు అడుక్కి దిగుతాయి. నిషేధం విప్పిన రోజు ఇంజను దగ్గి నడి సముద్రంలో ఆగిపోతుంది. ఈ ఒడ్డున ఎవరింట్లో చూసినా క్యాను నిండుగానే ఉంటుంది.

మే 4, ఆదివారం

నీలం ఇంకా దిగింది. చదివి చెప్పినా.

"తగ్గిందా... ఊఁ."

అంతే. గొంతు బాగలేదు. ఏమైందమ్మా అంటే ఏమీ లేదు నాయనా, పనెక్కువ అనింది. మళ్ళీ తనే చెప్పింది, ఈ బ్యాటరీ బోట్లకి పనికొస్తుందని పై ఆయన ముందర ఒప్పించాలంట, అది ఈ రెండు నెలల మీదే ఆధారపడి ఉందంట. వచ్చే రెండు ఆదివారాలు చెయ్యలేను, వేరే ఊరికి పోతుండా, అంకెలు అట్లే ఉండనీ, వచ్చినాక చూద్దాం అనింది.

తగ్గిందా... ఊఁ. రోజంతా అదే చెవిలో.

మే 6

నీలం పెట్టె ఇంకో అంకె దిగింది. బాగా పెరిగిన బిడ్డ నా ఇంటికొచ్చి చిక్కిపోతున్నట్టుంది.

మే 8

నింపేసినా!

పొద్దున్నే అనుకున్నా, చేసేసినా. సగం ఖాళీగా పెడితే తరగక ఏం చేస్తుంది? ఎవరి వస్తువైనా మన ఇంట్లో ఉంటే నిండుగా ఉంచి అప్పజెప్పాల గదా. ఛార్జరు ఉండనే ఉంది. నలుపుది ముట్టుకోలేదు, అది బాగానే ఉంది. నీలందానికే పెట్టినా. అంకె ఎక్కతా ఉంటే చూసుకుంటా కూర్చున్నా, అన్నం కూడా తినలేదు. మధ్యాన్నానికి పచ్చ దీపం వెలిగింది. ఎంత సంతోషంగా ఉందో! వచ్చి చూసుకోనీ. నాయన ఎట్లా కాపాడినాడో.

మే 11, ఆదివారం

ఫోను రాదని తెలుసు. అయినా నీళ్ళు పోసుకోని కూర్చున్నా.

అంకెలు నాకు నేనే చదువుకున్నా, పైకే.

మే 15

కొంచెం దిగితే మళ్ళీ పెట్టినా. పచ్చ దీపం.

మే 18, ఆదివారం

ఈ వారం ఎవరితో మాట్లాడినానా అని గుర్తు చేసుకుంటే... అంగట్లో ఉప్పు, అగ్గిపెట్టె. పెంచలయ్య అత్తగారి ఊరికి పోయినాడు. సగం వీధి కూలికి మనుబోలు వైపు పోయింది. అలల చప్పుడు ఉంది అనుకో, దానికి జవాబు చెప్పే పని లేదు.

చెంచుకి చెప్పే మాట మటుకు తయారుగా ఉంది. ఎట్లా మొదలుపెట్టాలో కూడా అనుకున్నా. ముందు నలుపు చదవాల, మామూలుగా. తర్వాత కొంచెం ఆగి, నీలం.

మే 22

రోహిణి ఇంకా రాలేదు, అప్పుడే ఇల్లు బట్టీ. పెట్టె మీద చెయ్యి పెడితే చుర్రుమంది. తడి గుడ్డ కప్పుదామనుకోని, ముట్టుకోకు అన్నది గదా అని ఊరుకున్నా. అంకె నిండుగా ఉంది, అది చాలు.

మే 25, ఆదివారం

చేసింది. అనుకున్నట్టే చేసినా. నలుపు చదివినా. ఆగినా. నీలం చదివినా.

అవతల ఏమీ లేదు. లైను పోయిందేమో అనుకోని అమ్మా, అమ్మా అన్నా.

"నాయనా, మళ్ళీ చదువు."

సంతోషంగా మళ్ళీ చదివినా.

"నువ్వు ఛార్జి పెట్టినావా?"

పెట్టినా తల్లీ, దిగిపోతా ఉంటే చూడలేక పెట్టినా, ఎప్పటికప్పుడు నింపతా ఉండా, ఇప్పుడు చూడు ఎట్లుందో అన్నా. చెప్పేటప్పుడు కూడా నవ్వతానే ఉండా నేను.

ఎప్పటినుంచి అని అడిగింది. చెప్పినా. తిట్టలేదు. తీసెయ్యి నాయనా, ఛార్జరు తీసి పక్కన పెట్టెయ్యి, నేను శనివారం వస్తా అనింది. చిన్నప్పుడు దాని పుస్తకాల మూట నీళ్ళలో పడినప్పుడు కూడా ఇదే గొంతు. ఏడవదు.

మే 26

తప్పు చేసినానని తెలిసింది. ఏం తప్పో ఇంకా తెలియలేదు.

మే 28

అన్నం వండలేదు. నిన్నటిది ఉంటే నీళ్ళు పోసుకోని తిన్నా.

ఒకటి రాయకూడదు గానీ రాస్తుండా. శనివారం వస్తుంది అని లోపల్లోపల సంతోషంగా కూడా ఉంది. ఏం మనిషిని నేను.

మే 31, శనివారం

వచ్చింది. ఒక రోజంతా పడుతుందంట కొలవడానికి, రాత్రికి ఉంటుంది. చాప పరిచినా. వద్దన్నా వినకుండా కోటమ్మ దిండు తీసి ఎండలో వేసి పెట్టినా. తన ముఖం వైపు చూడలేక పెట్టెల వైపే చూస్తుండా. తనూ పెట్టెల వైపే చూస్తుంది. ఇద్దరం బ్యాటరీలకి చుట్టాలొచ్చినట్టు వాటి చుట్టూ తిరగతా ఉండాం.

జూన్ 1, ఆదివారం

ముందు రెండూ నిండుగా నింపింది, తర్వాత మొత్తం ఖాళీ చేసింది, ఎంత బయటికొచ్చిందో లెక్క చూసింది. నలుపుది తెచ్చిన రోజుకీ ఈ రోజుకీ పెద్ద తేడా లేదు. నీలంది... స్క్రీను మీద గీత చూపించింది. నీలందానికి జోడీ ఒకటి ల్యాబులో ఉందంట, చల్లటి గదిలో, సగం నింపి పెట్టింది. దాని గీత పైన, నా ఇంట్లోదాని గీత కింద. వేలు పెట్టి చూపించేటప్పుడు రెండింటి మధ్య నా నాలుగు వేళ్ళు పట్టే సందు.

నిండుగా ఉండింది గదమ్మా అన్నా, చిన్నగా.

"అంకె నిండుగానే ఉంది నాయనా. లోపల గిన్నే చిన్నదైపోయింది. చిన్న గిన్నె నిండినా నిండినట్టే చూపిస్తుంది."

అప్పుడు చెప్పింది. దిగిపోయిన అంకెలో మళ్ళీ ఛార్జి పెడితే వచ్చేది కొంత, ఎన్నటికీ రానిది కొంత. తను వెతికేది రెండోదాన్ని. నిండుగా ఉన్నప్పుడు సిలికాన్ బాగా ఉబ్బి, లిథియం కిక్కిరిసి, ద్రావకాన్ని ఇంకా ఎక్కువ కొరుకుతుందంట. దానికి తోడు వేడి. వేడి ఎక్కేకొద్దీ ఆ పొర కరగడం, కట్టడం, కరగడం, కట్టడం, అన్నీ తొందర తొందరగా. నేను కాపాడుతున్నా అనుకున్న రోజుల్లోనే అది బాగా పోయింది. పచ్చ దీపం చూసి నేను నవ్వుకున్నప్పుడల్లా లోపల ఇరుక్కుపోతానే ఉండింది.

ఏమని చెప్పాల. క్యాను మాట చెప్పినా, డీజిలు, చెమట, నీళ్ళు. శ్రద్ధగా వినింది. అప్పుడే పెంచలయ్య వచ్చినాడు, ఊరి నుంచి దిగి నేరుగా. సంగతి విని, ఏమ్మా, మామ నీ బ్యాటరీకి అన్నం ఎక్కువ పెట్టి చంపేసినాడంటనే అన్నాడు. చెంచు నవ్వింది, ఈ రెండు రోజుల్లో మొదటిసారి. నవ్వి అడిగింది వాడిని.

"అన్నా, నీకు ఈ బ్యాటరీ ఇచ్చి, నిషేధంలో సగమే ఉంచు అని చెప్పి పోతే, ఉంచతావా?"

"నీ ముందర ఉంచతా. నువ్వు బస్సెక్కినాక నింపతా. సగం ఖాళీ బండి పెట్టుకోని ఎవరికి నిద్ర పడతాదమ్మా?"

నవ్వుతుందనుకున్నాడు వాడు. నవ్వలేదు. లేచి గడప దగ్గరికి పోయి బోట్ల వైపు చూస్తా నిలబడింది. అయితే ఇది ఇప్పుడిప్పుడే బోటుకి రాకూడదు అనింది, మాతో గాదు. మనుషులు మారరు, బ్యాటరీయే మారాల అనింది. వాళ్ళ పై ఆయనకి అదే చెబుతుందంట. బోట్ల పని పక్కన పెట్టేస్తారు. రోజూ వాడేవాటికి చూసుకుంటారు, అట్లాంటివి ఊరికే పడుండవు గదా. ఇన్నేళ్ళు చదివి, చేసి, సొంతూరి బోటుకి పెట్టాలనుకున్నది. నేను ఏడ్చినా. అది ఏడవలేదు.

పెట్టెలు రెండూ సర్దేసింది. నేను మోసినా బస్సు దాకా, అదన్నా మొయ్యనీ అని. మళ్ళీ ఎప్పుడు తెస్తావమ్మా పెట్టెలు అన్నా. ఇంక ఇక్కడ టెస్టు లేదు నాయనా అనింది. మరి ఆదివారం... అని నోటి దాకా వచ్చింది. అడగలేదు.

బస్సు మెట్టు మీద నిలబడి చెప్పింది.

"నేనే ఛార్జరు వదిలిపెట్టి పోకూడదు. నీ తప్పేం లేదు."

నా తప్పే అని చెప్పేలోపల బస్సు కదిలింది.

జూన్ 3

అలమర ఖాళీ. ఏమన్నా సర్దుదాం అనుకున్నా. సర్దడానికి ఏముంది.

జూన్ 8, ఆదివారం

మధ్యాన్నం దాటినాక మోగింది. ఉరికి తీసినా, మోకాలు గడపకి తగిలింది.

"ఊరికే చేసినా నాయనా."

ఊఁ అన్నా. బాగున్నావా అనింది. బాగున్నా అన్నా. నువ్వు బాగున్నావా అన్నా. బాగున్నా అనింది. చెయ్యి ఫోను పట్టుకోని ఉంది, కన్ను అలమర మీదికి పోయింది. చదవడానికి అంకె లేదు. ఎన్ని మాటలుంటాయి లోకంలో, ఒక్కటీ రాలేదు నాకు. సరే నాయనా అనింది. సరేమ్మా అన్నా.

కానీ పెట్టేసే ముందర ఆగింది. నేను విన్నా. తనూ ఏదో వెతుక్కుంటా ఆగింది. వెనకాల ఎక్కడో కుక్కర్ కూత వినబడింది. ఆ మాటన్నా అడగొచ్చు గదా నేను, ఏం వండుతున్నావమ్మా అని. పెట్టేసినాక వచ్చింది ఆ ఆలోచన.

జూన్ 10

ఎవరూ లేనప్పుడు ఇన్ని మాటలు ఎట్లొస్తాయో. పెంచలయ్యకీ పెళ్ళానికీ పాత చీర కాడ గొడవ, వీధంతా నవ్వులు. గాలి దక్షిణానికి తిరిగింది. కాలనీ చివరింట్లో ఆవు ఈనింది. చెప్పే మాటలేనా ఇవి? కోటమ్మ గంటలు గంటలు చెప్పింది ఇవే గదా. నేను వల కుడతా విన్నా గానీ ఎట్లా చెబుతుందో చూసుకోలేదు.

జూన్ 12

ఇంజను తిప్పి చూసినాం. ఒక్క లాగుడుకే పట్టింది. మామా, మన క్యాను బాగుంది అన్నాడు పెంచలయ్య. క్యాను మూత బిగించినా నేను.

జూన్ 15, ఆదివారం

తెల్లవారుతుంటే బోట్లు కదిలినాయి. పూలు, టెంకాయలు, ఆడోళ్ళ గోల. రెండు నెలల తర్వాత ఒడ్డు ఒడ్డులా ఉంది. పెంచలయ్య నీళ్ళలో నడుము దాకా నిలబడి పిలిచినాడు. రాను రా ఈ పూటకి అన్నా. ఏంది మామా, ఒంట్లో బాగలేదా, మొదటి వేటకి రాకుండా ఎప్పుడన్నా ఉండావా అన్నాడు. బాగానే ఉంది, నువ్వు పో అన్నా. వింతగా చూసినాడు, పోయినాడు. ఒడ్డు కనబడకుండా పోతే సముద్రంలో ఫోను పలకదు. అది వాడికి చెప్పలేదు.

పొద్దెక్కింది. ఫోను మోగలేదు. మోగితే చూద్దాం అని ఇంకా కాసేపు కూర్చున్నా.

మోగలేదు.

ఇన్నేళ్ళలో నా అంతట నేను దానికి చెయ్యలేదు. ఎప్పుడూ అదే చేసేది, లేకపోతే కోటమ్మ చేసి ఇచ్చేది. నంబరు ఎక్కడుందో వెతికి తీసి పెట్టుకున్నా. పచ్చ గుర్తు నొక్కితే పోతుంది. ఆవు మాట చెప్పాలా, గాలి మాట చెప్పాలా... మొదట ఏమనాల. అమ్మా, నేను, నాయనని. అంతవరకు వచ్చింది. ఆ తర్వాత ఎందుకు చేసినావు నాయనా అని అడుగుతుంది. ఊరికే చేసినా అంటే, పోయిన వారం అది అన్నట్టే, మాట్లాడాలనే చేసినానని తెలుసుకుంటుందా, లేక నిజంగానే ఊరికే అనుకుంటుందా...